వదిన కుదిర్చిన ఇల్లు

అరకు వెళ్లేముందు మేం సలహా అడిగింది ఒక్క మనిషినే. ఆ మనిషి మీద నా కోపం ఇవాళ్టికీ చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోనూ లేదు. "ఇంకా ఎందుకమ్మా ఆ గొడవ" అంటారు మా పిల్లలు. వాళ్లకి ఆ కథ అక్కడో ముక్కా ఇక్కడో ముక్కా తెలుసు. మొత్తం రాసి పెడితే, చదివాక ఎవరేం అనుకున్నా వాళ్లిష్టం.

డెబ్భైలు మొదలైన రోజులవి. మా ఆయన విజయనగరంలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఆయనకి అరకు బదిలీ అయింది. ఏజెన్సీ బదిలీ అంటే అప్పట్లో పగవాళ్లకి కూడా వద్దనేవారు. కొండమీద నీళ్లు పడవు, చలిజ్వరం పట్టుకుంటే వదలదు అని ఇరుగూ పొరుగూ చెబుతుంటే మా అమ్మ భయపడిపోయింది. నాకప్పుడు మూడో నెల.

"భయమెందుకు? మా అప్ప అక్కడే ఉంది కదా" అన్నారు మా ఆయన. అప్పంటే ఆయన పెద్దమ్మ కూతురు. నాకు వదిన. వాళ్లాయన, అంటే నాకు అన్నయ్య వరస, అరకులోనే ఇంకో ఆఫీసులో పనిచేసేవాడు. వేసవికి వదిన పిల్లల్ని తీసుకుని బొబ్బిలి పుట్టింటికి వచ్చిందని తెలిసి, మేమిద్దరం బస్సెక్కి వెళ్లాం. ఏ వీధిలో ఇల్లు తీసుకోవాలి, ఎక్కడ నీళ్లు మంచివి, ఎవరి పక్కన ఉంటే సుఖం, అన్నీ అడిగి తెలుసుకుందామని.

వదిన వసారాలో కూచుని చింతపండు గింజ తీస్తోంది. మమ్మల్ని చూసి సంబరపడింది. అడిగిందే తడవుగా నాలుగు చింతగింజలు తీసి నేలమీద పరిచింది.

"అరకంటే ఒక్క ఊరనుకుంటన్నావేటి మరదలా? నాలుగు ముక్కలది. ఇది టేసను. ఇది సంత. ఇది మెట్ట. ఇది గెడ్డ."

ఒక్కొక్క గింజ మీదా వేలు పెట్టి చెప్పుకొచ్చింది.

"టేసను కాడ వొద్దు. పగలూ రాత్రీ ఇనపరాయి బళ్లు పోతంతాయి. ఎర్ర దుమ్ము. తెల్లచీర ఆరేసుకుంటే సన్నాసి గుడ్డైపోద్ది. సంత కాడ మరీ వొద్దు. శుక్రారమొస్తే కొండంతా అక్కడే దిగుతాది, జీలుగుకల్లు తాగి సాయంత్రానికి దెబ్బలాటలు. మెట్టమీద మేమున్నాం గదా, మా పాట్లు నాకు తెలుసు. గాలి కోసీస్తాది. నీళ్లు కిందనుంచి మోసుకోవాల. కడుపుతో ఉన్న గుంటవి, నీకెందుకా పాట్లు?"

చివరి గింజని నా వైపు జరిపింది.

"గెడ్డ పక్కన పెంకుటిల్లుంది. మా షావుకారుదే. గడప దిగితే నీళ్లు. కూరపాదులు పెట్టుకోవచ్చు. నానే సెప్పి అట్టేపెడతాను."

"ఇప్పుడందులో ఎవరున్నారప్పా?" అని అడిగారు మా ఆయన.

"ఎవరో ఉన్నారులే. ఖాళీ సేసెత్తారు" అంది, చింతపండు వైపు చూస్తూ.

బయల్దేరేటప్పుడు నాకు బొట్టు పెట్టి, కడుపుతో ఉన్నదాన్ని ఉత్తచేతులతో పంపకూడదని కొత్త చింతపండు పొట్లం కట్టి ఇచ్చింది. నేను వంగి ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టాను. ఇంటికొచ్చి అమ్మతో, "వదిన ఉందమ్మా, ఇంక నాకు దిగుల్లేదు" అన్నాను.

తొలకరికి ముందే సామాన్లతో రైలెక్కాం. సొరంగాల్లో పెట్టె చీకటైపోయినప్పుడల్లా నేను మా ఆయన చెయ్యి పట్టుకునేదాన్ని. స్టేషనుకి వదినా అన్నయ్యా ఇద్దరూ వచ్చారు. ఇల్లు చూడగానే నాకు నచ్చింది, అబద్ధమెందుకు. వెనక గెడ్డ గలగలమంటోంది. అవతలి గట్టున అడవి అరటిచెట్లు. గోడలకి సున్నం కొత్తది. ఇంటి షావుకారు కింద మైదానం నుంచి వచ్చి సంతవీధిలో కొట్టు పెట్టుకున్నవాడు. ఊళ్లో అతనికి అలాంటి ఇళ్లు ఇంకా ఉన్నాయి. కొండవాళ్ల నేల బయటివాళ్లు కొనకూడదు, అయినా ఆ నేల ఎవరి పేరున ఉందో మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. తాళంచెవి నా చేతికిస్తూ, "మీ వదినగారు పట్టుబట్టి ఇప్పించారమ్మా" అన్నాడు.

వదిన రోజు విడిచి రోజు మెట్ట దిగి వచ్చేది. ఒకరోజు మేమిద్దరం ముందుగదిలో కబుర్లు చెప్పుకుంటుంటే మబ్బు కమ్మింది. చినుకింకా పడలేదు. వదిన మాటల మధ్యలోనే లేచి వంటింట్లోకి వెళ్లింది. ఇత్తడి పళ్లెం తీసి రెండో దూలం కింద పెట్టింది. పక్కనున్న బియ్యం డబ్బా ఇవతలికి లాగింది. మళ్లీ వచ్చి కూచుని, ఆపిన మాట దగ్గరనుంచే అందుకుంది. కాసేపటికి వాన దంచి కొట్టింది. వంటింట్లో పళ్లెం మీద టప్పుటప్పుమని చుక్కలు పడుతున్నాయి. కొండవానల్లో ఆరితేరిన మనిషి కదా, ఎంత ముందుచూపో అనుకున్నాను. అంతకంటే ఏమీ తోచలేదు నాకు.

వానలు ముదిరేసరికి గెడ్డ నీళ్లు ఇంటి వెనక పల్లంలోకి ఎక్కి అక్కడే నిలిచిపోయాయి. సాయంత్రమైతే దోమలు పొగలాగా లేచేవి. గోడలు మోకాలెత్తు వరకు చెమ్మగిల్లి కొత్త సున్నం పెచ్చులుగా రాలింది. కింద పాత సున్నం, దాని కింద ఇంకా పాత చెమ్మచారలు.

ఆగస్టులో నాకు జ్వరం వచ్చింది. ఉన్న దుప్పట్లన్నీ కప్పినా ఆగని వణుకు. తర్వాత ఒళ్లు పెనంలా కాలిపోవడం. తర్వాత చెమట. ఒకరోజు తెరిపి ఇచ్చి మళ్లీ అదే. ఆస్పత్రిలో మాత్రలిచ్చారు. చేదు గొంతులోంచి దిగేది కాదు. వదిన వచ్చి మంచం పక్కన కూచునేది. చోడిజావ కాచి, చల్లార్చి, తల ఎత్తిపట్టుకుని తాగించేది. నా చీరలు ఉతికి ఆరేసేది. "బేగి లేచి కూకోవాల మరదలా" అని నుదురు నిమిరేది. అమ్మ దగ్గర లేని లోటు తీర్చిందని నేనావిడ చెయ్యి కళ్లకద్దుకున్నాను.

ఆరో నెల నిండాక బిడ్డ పోయాడు. మగపిల్లాడు. జ్వరం వల్లనే అన్నారు ఆస్పత్రిలో. మా ఆయనా అన్నయ్యా ఒక పాత పంచెలో చుట్టి ఎక్కడికో తీసుకెళ్లి వచ్చారు. ఎక్కడికని నేనడగలేదు. మా ఆయన గెడ్డలో మునిగి వచ్చి, తడిబట్టలతోనే గుమ్మంలో చాలాసేపు నిలబడిపోయారు.

ఆ తర్వాత మంచంలో ఉన్న రోజుల్లోనే నాకు తెలివొచ్చింది. మంచం వంటింటి గుమ్మానికి ఎదురుగా వేశారు. వాన మొదలైనప్పుడల్లా రెండో దూలం కింద నీళ్లు కారేవి. మా ఆయన కంగారుగా గిన్నె పట్టుకెళ్లి ఒకసారి ఇటు పెట్టేవారు, ఒకసారి అటు. సరిగ్గా చుక్క కిందికి ఎప్పుడూ వచ్చేది కాదు. అది చూస్తూ పడుకున్నదాన్ని, ఉన్నట్టుండి గుర్తొచ్చింది. ఆరోజు వదిన చినుకైనా పడకముందు లేచి, వెతుక్కోకుండా, పైకి కూడా చూడకుండా పళ్లెం పెట్టింది. ఆ ఇంట్లో వానాకాలం గడిపినవాళ్లకి తప్ప ఆ చోటు తెలియదు.

నేను మా ఆయనతో చెప్పలేదు. వదినని అడగలేదు. కాస్త నడవగలిగాక శుక్రవారం సంతకి వెళ్లాను. అన్నయ్య ప్రతి సంతకీ వస్తాడు. పసుపుకొమ్ములూ అడ్డాకులూ అమ్ముకునే కొండ ఆడవాళ్ల వరసలో, చేతిసంచితో చిక్కుళ్లు బేరం చేస్తూ కనిపించాడు. మంచి మనిషి. అబద్ధం ఆడటం చేతకానివాడు. అందుకే ఆయన్ని ఎంచుకున్నాను.

"అన్నయ్యా, గెడ్డ పక్కింట్లో మీరెన్నాళ్లున్నారు?" అని మామూలుగా అడిగాను.

"రెండు వానాకాలాలమ్మా" అన్నాడు. నా ముఖం చూసి చిక్కుళ్లు కింద పెట్టేశాడు. "అదేటమ్మా, మీకు తెలీదా?"

"వదిన చెప్పలేదు. మీరు మొదట్నుంచీ మెట్టమీదే ఉన్నారనుకున్నాం."

ఆయన నన్ను జనంలోంచి పక్కకి తీసుకెళ్లాడు. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ ఇంట్లో పిల్లలిద్దరికీ చలిజ్వరాలొచ్చాయి. మెట్టమీది ఇల్లు ఇమ్మని షావుకారుని బతిమాలుకున్నారు. ఈ ఇంటికి ఎవర్నైనా కుదిర్చి పెడితే ఆ ఇల్లిస్తానన్నాడతను. ఊళ్లో ఎవరూ రారు, అందరికీ తెలుసు కాబట్టి. తెలియనివాళ్లే కావాలి.

"అన్నీ సెప్పినాను, తమ్ముడు సరేనన్నాడు, వాళ్లకేటి వయసులో ఉన్నోళ్లు అన్నాది మీ వదిన. నేను నమ్మినానమ్మా" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు తిరగలేదు.

మేం బొబ్బిలి వెళ్లి అడిగిననాటికి వదిన కాపురం ఆ గెడ్డ పక్కింట్లోనే. చింతగింజలు పరిచి, మెట్టమీది గాలి గురించి, మోసే నీళ్ల గురించి అలా చెప్పిందే, అప్పటికి ఒక్క రాత్రి కూడా మెట్టమీద పడుకోలేదు. నా కడుపు చూసి మరీ చెప్పింది.

ఆ సాయంత్రం మళ్లీ జావ తెచ్చింది. "వద్దొదినా, కడుపు నిండింది" అన్నాను. అప్పటిదాకా ఆవిడ చేతి జావ తాగానన్నదే నాకు అన్నిటికంటే మండిపోయింది. బిడ్డ పోయిన దుఃఖంలోకి అది వచ్చి కలిసింది. ఆ దుఃఖాన్ని కూడా నాకు దుఃఖంగా మిగలనివ్వలేదు ఆ మనిషి.

మా ఆయనతో చెబితే ఆయన తల పట్టుకున్నారు. "కడిగి పారెయ్యనా వెళ్లి?" అని లేచి, గుమ్మందాకా వెళ్లి, ఆగిపోయారు. "చుట్టరికం. పెద్దమ్మ ముఖం చూడాలి. ఇల్లు మారిపోదాం, వదిలెయ్యి."

"ఇల్లు మారదాం" అన్నాను. వదిలేస్తానని అనలేదు.

దసరాలోపే స్టేషను దగ్గరికి మారాం. రైల్వేవాళ్ల పక్కన రెండు గదుల ఇల్లు. ఎర్రదుమ్ము మాట నిజమే. ఆవిడ అబద్ధాల్లో అదొక్కటీ నిజం. కానీ పొడినేల. చెమ్మ లేదు. పక్కింటి తమిళావిడ చేసిపెట్టిన మిరియాల చారుతో నాకు నోరు బాగయింది. ఇరుగూ పొరుగూ ఏ వేళ పిలిచినా పలికేవాళ్లు. ఆ స్టేషను వీధికే మొదట వచ్చి ఉంటే అన్న ఆలోచన రాని రోజు లేదు.

గెడ్డ పక్కిల్లు ఖాళీ పడింది. షావుకారు మళ్లీ తెలియనివాళ్ల కోసం చూడటం మొదలుపెట్టాడు. నేనూ చూడటం మొదలుపెట్టాను.

మా ఆయన ఆఫీసులో ఎవరు బదిలీ మీద వస్తున్నా నాకు ముందే తెలిసేది. వచ్చినవాళ్లు ఇల్లు వెతుక్కుంటూ సర్కారు బంగళాలోనో, ఎవరింట్లోనో దిగేవారు. నేను వెళ్లి, ఇంటావిడని పలకరించి, "ఇళ్లు చూపిస్తాను రండి" అనేదాన్ని. నేరుగా గెడ్డ పక్కింటికే తీసుకెళ్లేదాన్ని. షావుకారు మనిషి తాళం తీసేవాడు. నేను గోడమీది సున్నం గోటితో గీరి చెమ్మచారలు చూపించేదాన్ని. పైకప్పు కారే చోటు చూపించేదాన్ని. వెనక తలుపు తీసి పల్లం చూపించేదాన్ని. చివర్న, "ఈ ఇంట్లోనే నా కడుపు పోయింది. ఈ ఇల్లు మాకు కుదిర్చింది మా వదినే. అదిగో, ఆ మెట్టమీదింట్లో ఉంటుంది" అని వేలు పెట్టి చూపించేదాన్ని. ఒక్కరు కూడా ఆ ఇంట్లో దిగలేదు. వదిన సంతకొస్తే కొత్తగా వచ్చిన ఆడవాళ్లు ఒకరి మోచెయ్యి ఒకరు పొడుచుకుని చూసేవారు. నేను చెప్పిందాంట్లో అక్షరం అబద్ధం లేదు. అందుకే ఆవిడ దానికి జవాబు చెప్పుకోలేకపోయింది.

షావుకారు ఒకరోజు మా గుమ్మంలోకి వచ్చాడు.

"నా ఇల్లు పాడుబెట్టేస్తన్నారమ్మా. ఇది ధర్మమేనా?"

"పల్లం మట్టేసి పూడ్చండి. కప్పు నేయించండి. అప్పుడు నేనే మంచిల్లని చెబుతాను."

అతను గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. పల్లం పూడ్చలేదు.

ఇలా ఓ ఏడాదిన్నర గడిచాక రోడ్డు పనులమీద ఒక ఇంజనీరుగారొచ్చారు. ఆయన భార్య నెమ్మదస్తురాలు. చంటిపిల్లతో బంగళాలో దిగి, ఎవరో చెబితే నా దగ్గరికే మనిషిని పంపింది. వెళ్లాను.

"అందరూ ఏ ఇల్లు వద్దో చెబుతున్నారండీ. ఏది మంచిదో మీరు చెప్పండి" అందావిడ.

ఆ మాట నేను ఎదురుచూడలేదు. కానీ విన్న క్షణంలోనే నాకు తోవ కనిపించింది.

"ఊళ్లోకల్లా మంచిల్లు మెట్టమీదిదండీ. పొడినేల, దోమల్లేవు, పొద్దున్నే ఎండ పడుతుంది. నీళ్లకి మనిషిని పెట్టుకుంటే సరి. షావుకారుని అడగండి. అది తప్ప ఇంకోటి వద్దనండి."

ఇంజనీరు తలుచుకుంటే షావుకారుకి సరుకుల బళ్లూ, రోడ్డు కూలీల ఖాతాలూ వస్తాయి. కాదనలేడని నాకు తెలుసు. అతను వదినావాళ్లని ఖాళీ చెయ్యమన్నాడు. ఊళ్లో అతని దగ్గర ఖాళీగా ఉన్నది ఒక్కటే ఇల్లు.

వదిన ఎండలో నడిచి మా ఇంటికొచ్చింది. నేను దుమ్ముపట్టిన కిటికీ ఊచలు తుడుస్తున్నాను. కూచోమనలేదు.

"ఇంజనీరు పెళ్లానికి నువ్వేనటగదా సెప్పినావు."

"చెప్పాను."

"ఏటని?"

"మంచిల్లు ఏదని అడిగింది. మీదేనని చెప్పాను."

"మమ్మల్ని గెడ్డకాడికి పంపీడానికా?"

"గడప దిగితే నీళ్లు వదినా. మోసుకోనక్కర్లేదు."

ఆవిడ గోడకి ఆనుకుంది. ముఖం పాలిపోయింది. గొంతు తగ్గించి, "నీ కడుపు పోతాదని నాకు తెలుసేటి? నా పిల్లలకి ఒళ్లు కాలిపోతంటే సూళ్లేకపోనాను. ఇంకో వాన అక్కడుంటే దక్కరనుకున్నాను. నానేటి సెయ్యను?" అంది.

"ఆ మాట బొబ్బిలిలో చెప్పాల్సింది" అన్నాను. "చెప్పుంటే నేను కాన్పయ్యేదాకా అమ్మ దగ్గరే ఉండిపోయేదాన్ని. మీ తమ్ముడు ఒక్కడే వచ్చి ఆ ఇంట్లో ఉండేవాడు. నీ పిల్లలూ బతికేవాళ్లు, నా పిల్లాడూ బతికేవాడు." మీరు మానేసి ఆవిడని 'నువ్వు' అన్నది అదే మొదటిసారి.

"తమ్ముడి సేత షావుకారుకి ఒక్క మాట సెప్పించు."

"ఆయన చెప్పరు. చెబుతానన్నా నేను చెప్పనివ్వను."

ఆవిడ వెళ్లిపోయాక నేను మళ్లీ ఊచలు తుడుచుకున్నాను.  సంతోషంగా తుడుచుకున్నాను.

వాళ్లు గెడ్డ పక్కింట్లోకి దిగారు. పిల్లలిద్దర్నీ వానలకి ముందే వదిన బొబ్బిలి పంపేసింది, అక్కడే బళ్లో వేశారు. పంపుతుందని నాకు తెలుసు. పంపకపోతే నేనేం చేసేదాన్నో తెలియదు. ఆ తల్లి పిల్లల మొహం చూడకుండా ఆ ఇంట్లో ఒక వానాకాలం ఉంది, మళ్లీ చలికాలం ఉంది. వలిసెపూలు పూసి లోయంతా పచ్చగా ఉన్న రోజుల్లో గెడ్డలో ఒక్కతీ బట్టలుతుక్కుంటూ కనిపించేది. నాకు సంతకి వేరే దారి ఉంది. అయినా నేను గెడ్డ దారినే వెళ్లేదాన్ని. ఆవిడ తలెత్తేది కాదు. నేను నడక నెమ్మది చేసేదాన్ని.

జ్వరం మాత్రం అన్నయ్యకి వచ్చింది. ఆయనకి రావాలని నేను కోరుకోలేదు. మా ఆయన రోజూ వెళ్లి చూసొచ్చేవారు. నేను మా ఆయన చేత బత్తాయిలు పంపాను, అన్నయ్యకని చెప్పి మరీ పంపాను. లేచి తిరిగేసరికి ఆయన చిక్కి సగమయ్యాడు. సంతలో ఎదురుపడితే ఎప్పటిలాగే "బాగున్నావా అమ్మా" అన్నాడు. ఆ ఒక్క పూట నాకు అన్నం సయించలేదు. అంతకు మించి పశ్చాత్తాపపడ్డానని రాస్తే అబద్ధమవుతుంది.

ఆ ఎండాకాలం వాళ్లకి కొయ్యూరు బదిలీ అయింది. అన్నయ్యే అడిగి వేయించుకున్నాడు. సామాన్లు లారీకెత్తుతుంటే రెండు ఆఫీసులవాళ్లూ సాగనంపడానికి వెళ్లారు. మా ఆయనా వెళ్లారు. నేను వెళ్లలేదు. అప్పటికి నాకు మళ్లీ నాలుగో నెల.

మధ్యాహ్నం దాటాక ఆయన తిరిగొచ్చి, కాళ్లు కడుక్కుని, పీటమీద కూచున్నారు. నేను వడ్డించాను. సగం భోంచేశాక, "అప్ప నిన్నడిగింది" అన్నారు.

"ఏమని?"

"ఒంట్లో ఎలా ఉంది, వేళకి తింటోందా అని. వానల్లో జాగ్రత్తగా ఉండమంది."

నేను చారు గిన్నె ఆయన ముందుకి జరిపాను. "ఇంకొంచెం వేసుకోండి, వేడిగా ఉంది" అన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి, గిన్నె కోసం చెయ్యి చాపారు.